నెలకి మూడొందలతో ఎవ్వరూ పట్టించుకోని పాటలు వెతుక్కోవడం ఎట్లా

నాకు పాటల మీద పెట్టడానికి నెలకి 300 రూపాయలు ఉంటయి. రూమ్ రెంట్, మెస్, ఊరికి పంపేది అన్నీ పోయాక మిగిలిన దాంట్లోంచి తీసి ఒక పాత హార్లిక్స్ సీసాలో వేసి పెడ్తా, ఆ సీసా ఖాళీ అయితే ఆ నెల అంతే, ఎంత మంచి సరుకు కనపడ్డా చేతులు కట్టుకొని చూసి రావాల్సిందే. ఆరేళ్ల నుంచి ఇట్లనే నడుస్తుంది. ఈ లెక్కతోనే నా మంచం కింద ఇప్పుడు నాలుగొందల దాకా క్యాసెట్లు, ఓ అరవై రికార్డులు ఉన్నయి, అందులో సగం పాటలు ఇంటర్నెట్‌లో ఎంత గీకినా దొరకవు. ఎట్లా దొరుకుతున్నయి రా నీకు అని ఫ్రెండ్స్ అడుగుతనే ఉంటరు, ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టలేక మొత్తం ఒక్కసారి ఇక్కడ రాసి పడేస్తున్నా.

ఏం వెతకాలె

సినిమా హిట్ల జోలికి పోవద్దు. ఎన్టీఆర్, ఏఎన్నార్ బొమ్మ ఉన్న ఎల్పీ (పెద్ద ప్లాస్టిక్ రికార్డు) కవర్ చేతిలోకి తీసుకుంటే చాలు, అమ్మేటాయన ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో రేటు చూస్తుండు ఈ మధ్య, 800 అంటడు, 1200 అంటడు, పోనీ అప్పు చేసి కొన్నా ఇంటికొచ్చి వింటే అదే పాట యూట్యూబ్‌లో ఇంతకన్నా శుభ్రంగా ఉంటది. మన సీసాకి అందేది ఎవరూ అడగని సరుకు. నాటకాల పద్యాలు, హరికథలు, బుర్రకథలు, ఒగ్గు కథలు, రేడియోలో వచ్చిన లలిత గీతాలు, బోనాల పాటలు, మేడారం జాతరప్పుడు అమ్మిన సమ్మక్క సారక్క పాటలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, పాతబస్తీ ఖవ్వాలీలు, దక్కనీలో పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వించే మజాహియా ముషాయిరాలు (హాస్య కవి సమ్మేళనాలు). హైదరాబాద్‌లో ఉన్నోళ్లకి ఇది అదృష్టమే అనాలె, ఒకే గోనె సంచిలో అయ్యప్ప భజన పక్కన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ, దాని కింద విఠల్ రావు గజల్స్ దొరికే ఊరు ఇంకోటి నాకు తెల్వదు.

ఇంకోటి, ఇన్‌స్ట్రుమెంటల్ ఎల్పీలు. హెచ్ఎంవీ వాళ్లు ఒకప్పుడు హిందీ సినిమా ట్యూన్లు గిటార్ మీద, అకార్డియన్ మీద వాయించి బోలెడు వేసిండ్రు, వాన్ షిప్లే, సునీల్ గంగూలీ, ఎనాక్ డేనియల్స్ ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. పాడిన గొంతు లేదు కదా అని వీటిని ఎవరూ ముట్టుకోరు, కట్టలో అడుగున పడి ఉంటయి. నేను ఒక్కోదానికి 80 దాటి ఎప్పుడూ పెట్టలే. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వీటిల్లో ఒకటి పెట్టుకొని పడుకుంటే ఆ సుఖం వేరు.

నాటక పద్యం సంగతి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నా పిచ్చి మొత్తం అక్కడే. పాత 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు, పది అంగుళాలది, ఒక వైపు మూడు నిమిషాలు చిల్లర మాత్రమే వస్తది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి, షణ్ముఖి లాంటోళ్లు స్టేజి మీద ఒక్క పద్యం ఎత్తుకుంటే చివర్లో రాగం తీస్తూ తీస్తూ పోతుంటరు, జనం వన్స్‌మోర్ అంటరు, మళ్లీ మొదటి నుంచి అందుకుంటరు, అదంతా మూడు నిమిషాల్లో ఎక్కడ పడ్తది, రికార్డు కోసం రాగం కత్తిరించాల్సిందే. క్యాసెట్ వచ్చాక ఆ కష్టం పోయింది. సి-90 క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలు, ఊళ్లో ఎవరో ముందు వరసలో చాప మీద టేప్ రికార్డర్ పెట్టుకొని ఎర్ర బటన్ నొక్కితే రాగం మొత్తం, వన్స్‌మోర్‌లు, ఈలలు, మధ్యలో చంటిపిల్ల ఏడుపుతో సహా దిగిపోతది. అట్లాంటి క్యాసెట్ ఏ కంపెనీ వేయలే, ఏ లిస్టులో లేదు, ఫోన్‌లో రేటు చూద్దామంటే చూడనీకి ఏం లేదు. అందుకే అది పాతిక రూపాయలకి మన చేతికొస్తది. నా వేట మొత్తం ఈ ఒక్క పాయింట్ మీదనే నడుస్తది.

ఎక్కడ, ఎప్పుడు

ఆదివారం అయితే ఎర్రగడ్డ. మెట్రో దిగి కిందికి వస్తే రోడ్డు పక్కన పరిచే ఉంటది సంత, పాత డ్రిల్లింగ్ మిషన్లు, ఒంటి చెప్పులు, చార్జర్ల గుట్టలు, రిమోట్లు, గడియారాలు. పాటల సరుకు విడిగా పెట్టుకొని ఎవరూ కూర్చోరు. చార్జర్ల గుట్ట పక్కన సంచి మూతి కట్టి ఉంటది చూడండి, దాంట్లో ఉంటయి. ఖాళీ చేసిన ఇళ్ల నుంచి వచ్చిన సామాన్లు అవి, ఒకే ఇంటివి ఒకే సంచిలో వస్తయి, కాబట్టి పైన రెండు మంచివి తగిలితే కింద ఇంకో ఇరవై ఉన్నట్టే, వదలొద్దు. పొద్దున ఎనిమిది లోపల పోతే సరుకు ఎక్కువ, సాయంత్రం మూటలు కట్టేటప్పుడు పోతే రేటు తక్కువ. నేను నెలలో మొదటి ఆదివారం పొద్దున, సీసా అడుగంటిన ఆదివారం సాయంత్రం పోతా.

ఆబిడ్స్ కూడా ఆదివారమే. షాపులు బంద్ ఉంటయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ మొత్తం పాత పుస్తకాలు పరుస్తరు. అక్కడ రికార్డులు అమ్మేటోళ్లకి రేట్లు బాగా తెల్సు, బేరం కష్టం. నేను అక్కడికి పోయేది పుస్తకాల వాళ్ల కోసం. వాళ్లు ఇళ్ల నుంచి పుస్తకాలు టోకున ఎత్తుకొస్తరు కదా, దాంతో పాటు క్యాసెట్ల డబ్బా కూడా వచ్చేస్తది, అది వాళ్లకి అడ్డం, ఎక్కడో వెనక పెడ్తరు. "అన్నా, క్యాసెట్లు ఏమన్నా ఉన్నయా" అని అడగాలె, అడగకపోతే చూపించరు. హరికథల పుస్తకాలు, పాత నాటకాల పుస్తకాలు ఎవరి దగ్గర కనపడితే వాళ్ల దగ్గర తప్పకుండా అడగండి, ఆ పుస్తకాలు చదివిన ఇంట్లో ఆ క్యాసెట్లు కూడా ఉంటయి. జుమ్మెరాత్ బజార్ అయితే పేర్లోనే గురువారం ఉంది, ఆఫీసుకి లీవ్ పెట్టలేక నేను సెలవు కలిసొచ్చినప్పుడే పోతా, గ్రామఫోన్ సామాన్లు, 78 రికార్డులు నాకు అక్కడే ఎక్కువ కనపడ్డయి.

బేరం గురించి. ఒక్కో క్యాసెట్ తీసి ఇదెంత అదెంత అని అడగొద్దు, మీకు నచ్చింది ఏదో ఆయనకి తెల్సిపోతది. మొత్తం డబ్బా అడగండి. పోయిన వానాకాలం ఎర్రగడ్డలో నాకూ ఒక చాచాకీ ఇట్ల నడిచింది.

"చాచా, ఏ కైసా దియే?"

"పచ్చీస్ కా ఏక్. లేలో."

"పూరా డబ్బా లేతూఁ, బోలో."

చాచా నన్ను, డబ్బాని, మబ్బుని మార్చి మార్చి చూసిండు. వాన వచ్చేటట్టు ఉంది. "పూరా? చల్, దో సౌ దే."

"దేడ్ సౌ హైఁ చాచా మేరే పాస్."

"చల్ లేజా."

ఒక్కోటి పాతిక అన్నాయన, మొత్తం డబ్బా రెండొందలని చివరికి నూటయాభైకి ఇచ్చేసిండు. ఇంటికొచ్చి లెక్కపెడితే 43 క్యాసెట్లు. పనికొచ్చేవి తొమ్మిది. మిగతావి వేస్ట్ అనుకోవద్దు, వాటి ప్లాస్టిక్ పెట్టెలు, చిన్న స్ప్రింగ్ పట్టీలు, స్క్రూలు అన్నీ స్పేర్ పార్ట్సే. ఇంకో చిట్కా, మన గల్లీలో "పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం" అని మైకులో అరుచుకుంటూ ఆటో వస్తది కదా, ఆ ఆటో అన్నతో దోస్తీ చేసుకోండి. మా గల్లీకి వచ్చేటాయన ఇప్పుడు క్యాసెట్లు దొరికితే విడిగా తీసి పెడ్తుండు, కిలో లెక్కన ఇస్తడు నాకు.

చేతిలోకి తీసుకున్నాక

ముందు చేతిరాత ఉన్నవి తీయండి. కంపెనీ ప్రింట్ ఉన్నవి తర్వాత. సినిమా క్యాసెట్ కవర్ ఉన్నా సరే తెరిచి చూడాల్సిందే, లోపల వేరేది ఉండటం చాలా మామూలు. ఇప్పుడు క్యాసెట్ పై అంచు చూడండి, రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటయి, అవి విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. కంపెనీ క్యాసెట్లకి అవి ముందే ఉండవు. కానీ ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్‌కి ఆ రెక్కలు విరిగి ఉన్నయంటే అర్థం ఏంది, ఎవరో దాన్ని జాగ్రత్త చేసుకున్నరు, పిల్లలెవరూ దాని మీద పాటలు ఎక్కించేయకుండా స్క్రూడ్రైవర్ పెట్టి మరీ విరగ్గొట్టిండ్రు. పేరు రాసి లేకపోయినా అది తీసుకోండి. నా దగ్గరున్న మంచివాటిల్లో చాలామటుకు ఇట్ల పట్టుకున్నవే.

తర్వాత కింది వైపు టేపు బయటికి కనపడేచోట చూడండి, మధ్యలో చిన్న స్పాంజ్ ముక్కలాంటిది ఉంటది, అది ఊడిపోతే శబ్దం మూతి మూసుకొని మాట్లాడినట్టు వస్తది, వేరే క్యాసెట్ నుంచి పీకి పెట్టుకోవచ్చు కాబట్టి అదేం పెద్ద రోగం కాదు. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచు మీద తెల్లగా పొడిలాగ ఉందంటే బూజు, అట్లాంటిది నేరుగా పెట్టి వాయించొద్దు, టేపుని చదివే హెడ్ పాడైతది, పక్క క్యాసెట్లకి కూడా అంటుకుంటది. సి-120 కనపడితే ఆలోచించండి, రెండు గంటలు పట్టాలని టేపు మరీ పలచగా చేస్తరు, పాత మిషన్‌లో చుట్టుకుపోతది. సి-60 అన్నిటికన్నా గట్టిది. పెన్సిల్ ఒకటి జేబులో పెట్టుకొని పోండి, పళ్లలో దూర్చి రెండు చుట్లు తిప్పి చూస్తే లోపల బిగుసుకుందా లేదా తెల్సిపోతది. పెన్సిల్‌తో క్యాసెట్ తిప్పడం చూసి పక్కన ఇంటర్ పిల్లలు నవ్వుతరు, నవ్వనియ్యండి.

రికార్డు అయితే వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. కంటికి కనపడే గీతలన్నీ వినపడవు, గోరు మెల్లగా ఆనిస్తే తగిలే గీత మాత్రం తప్పకుండా టక్ టక్ మంటది. మధ్య బొక్క చుట్టూ లేబుల్ మీద సన్నటి వెండి గీతలు చీమల దారిలాగ ఉన్నయంటే దాన్ని మస్తు సార్లు పెట్టి తీసిండ్రని. 78 రికార్డులు ఎల్పీల లెక్క వినైల్ ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి, చేయి జారితే గాజు గిన్నె లెక్క పగుల్తది, పైగా వాటికి సూది వేరే, ఎల్పీ సూదితో పెడ్తే గరగరే ఎక్కువ వస్తది. దుమ్ము తుడవనీకి 78 మీద స్పిరిట్ అస్సలు పోయొద్దు, లక్క కరిగిపోతది. ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ, లేబుల్ తడవకుండా తుడుచుకోండి, చాలు.

వాయించేదాని సంగతి

రికార్డ్ ప్లేయర్ కొనొద్దు అనే చెప్తా, మన బడ్జెట్‌లో మంచిది రాదు. నాకు మల్కాజ్‌గిరిలో ఒక ఫ్రెండ్ ఉన్నడు, ప్లేయర్ వాడిది, రికార్డులు నావి, మిర్చి బజ్జీలు ఎవరికి జీతం ముందు పడితే వాళ్లవి. క్యాసెట్‌కి మాత్రం సొంత మిషన్ ఉండాలె. కొత్తగా వస్తున్న చిన్న ప్లాస్టిక్ వాక్‌మన్‌ల కన్నా పాత టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉన్నది) నయం, బరువు ఉంటది, టేపు నిలకడగా తిరుగుతది. కొనేముందు అక్కడే కరెంట్ పెట్టి చూడాలె. నేను చూడకుండా ఒకటి 300కి తెచ్చుకున్నా, రేడియో పలికింది కదా అని మురిసిపోయి తీసుకొచ్చి ఇంట్లో క్యాసెట్ పెడితే కదల్లే, వెనక మూత విప్పితే మోటారే లేదు, ఎవరో ముందే పీకేసుకున్నరు. ఆ నెల మొత్తం రేడియోనే విన్నా.

రేడియో పలికి, మోటారు తిరుగుతూ, క్యాసెట్ మాత్రం కదలకపోతే తొంభై పాళ్లు బెల్టు పోయినట్టే. రబ్బరు బెల్టు ఏళ్ల తరబడి ఉండి తారులాగ కరిగిపోతది, ఆ జిగురు మొత్తం స్పిరిట్‌తో, దూదితో ఓపిగ్గా తుడిచి, పాత బెల్టు ఎంతో కొంత మిగిల్తే అది పట్టుకొని కోఠి గుజరాతీ గల్లీకి పోండి, సైజు చూసి ఇస్తరు, నాకు 40 అయింది. హెడ్ కూడా పది క్యాసెట్లకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలె, దూది పుల్ల మీద గోధుమ రంగు మరక వస్తది చూడండి, అన్ని రోజులు మీరు విన్నది ఆ మురికిలోంచే.

ఇప్పుడు చెప్పేది చాలామందికి తెల్వదు. ఏదైనా క్యాసెట్ దుప్పటి కప్పినట్టు బొంగురుగా వినపడితే క్యాసెట్ పోయింది అనుకొని పక్కన పెట్టేయొద్దు. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటది, స్ప్రింగ్ ఉన్నది. పాట నడుస్తుండగా చిన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి అటు ఇటు తిప్పండి. రికార్డు చేసిన మిషన్ హెడ్, మన మిషన్ హెడ్ ఒకే కోణంలో లేకపోతే పైస్థాయి శబ్దాలు ముందు పోతయి. ఒక చోటికి రాగానే తాళాల మోత, మంజీర గలగల ఒక్కసారిగా తెరుచుకుంటది. నాకు మొదటిసారి అట్ల తెరుచుకున్నప్పుడు అర్ధరాత్రి రూమ్మేట్‌ని లేపి వినిపించినా, వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పైసా పెట్టకుండా

సీసా ఖాళీ అయినాక ఉండే రోజుల కోసం ఇది. రేడియో ఉచితం. ఇక్కడి స్టేషన్ నిజాం కాలంలో దక్కన్ రేడియో, 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది, వివిధ భారతి 1957 అక్టోబర్ 3న మొదలైంది, అంటే వాళ్ల దగ్గరున్న సరుకు మనం ఈ జన్మలో కొనలేం. మన దగ్గర వివిధ భారతి 102.8లో వస్తది, మిగతా ఆకాశవాణి స్టేషన్లు వాళ్ల ఫోన్ యాప్‌లోనే వినొచ్చు. పొద్దున భక్తిరంజని, లలిత సంగీతం టైంలో ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి, అనౌన్సర్ రాసినవాళ్ల పేరు, ట్యూన్ కట్టినవాళ్ల పేరు, పాడినవాళ్ల పేరు చదువుతరు, రాసుకోండి. రావు బాలసరస్వతీదేవి, బాలాంత్రపు రజనీకాంతరావు అనే పేర్లు నాకు అట్లనే పరిచయం, సినిమాల్లోంచి కాదు. సంతలో సంచి తెరిచినప్పుడు ఈ నోట్‌బుక్కే మీ కన్ను.

యూట్యూబ్‌లో వెతకడం కూడా ఒక పనితనమే. ఒకే మాటని తెలుగులో టైప్ చేస్తే ఒక రకం వీడియోలు, ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తే ఇంకో రకం వస్తయి. పైగా ఆ ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒక్కొక్కరు ఒక్కో తీరు రాస్తరు, అన్నీ కొట్టి చూడాలె. పాట పేరుకన్నా ఊరి పేరు, కళారూపం పేరు కలిపి కొట్టండి, జిల్లా పేరు పక్కన ఒగ్గు కథ అనో చిరుతల రామాయణం అనో. నలభై వ్యూస్ ఉన్న వీడియో కనపడితే ఆ ఛానల్ లోపలికి దూరండి, ఎవరో రిటైరైన సార్ తన దగ్గరున్న క్యాసెట్లన్నీ ఒక్కోటి ఎక్కిస్తుంటడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత 78 రికార్డులు బోలెడు ఉన్నయి, డబ్బులు అడగదు.

ఇంక చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. సాయంత్రం అట్ల పోతే ఏదో ఒకటి నడుస్తనే ఉంటది, నేను పోయినవాటికి టికెట్ పెట్టింది లేదు. నిజం చెప్పాలంటే కొన్ని ప్రోగ్రాముల్లో పాటలకన్నా సన్మానాలు, శాలువాలు ఎక్కువ, ఓపిక పట్టాలె. కానీ అక్కడ ముందు వరసల్లో కూర్చునే పెద్దాయనలు నడిచే లైబ్రరీలు. బంజారాహిల్స్ లామకాన్‌లో కూడా చాలా ప్రోగ్రాములు ఫ్రీగానే ఉంటయి, అక్కడ చాయ్, సమోసా మన జేబుకి అందే రేటే.

అన్నిటికన్నా మంచి గని మాత్రం మన చుట్టూ ఉన్న ఇళ్లే. మా ఓనర్ ఆంటీ దసరాకి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి ఒక రేకు డబ్బా దింపిండ్రు. "ఇవన్నీ చెత్తలో ఏద్దామనుకుంటున్న నాయనా, నీకు పిచ్చి కదా, చూసుకో" అన్నరు. అందులో వాళ్ల మామగారు సంగారెడ్డి దిక్కు భజన మండలిలో పాడినవి పదకొండు క్యాసెట్లు. ఆయన పోయి చాలా ఏళ్లు అయిందట, ఇంట్లో క్యాసెట్ వాయించేది లేక ఎవరూ వినలే. నేను పెట్టుకున్న రూల్ ఒకటే, ఉచితంగా తీసుకుంటే ఫోన్‌లో వినేటట్టు చేసి ఇవ్వాలె, అసలు క్యాసెట్ వాళ్లు అడిగితే వెనక్కి ఇచ్చేయాలె. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో కూడా దీపావళి ముందు ఒక మెసేజ్ పెట్టండి, పాత క్యాసెట్లు పడేసేముందు చెప్పండి అని. మొదటి రోజు ఎవరూ పలకరు, మూడో రోజు ఎవరో ఒక అంకుల్ లిఫ్ట్‌లో పట్టుకుంటరు.

ఎక్కించుకునేటప్పుడు ఖర్చు పెద్దగా ఏం లేదు. టూ-ఇన్-వన్ హెడ్‌ఫోన్ బొక్కలోంచి ఒక వైరు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికే చిన్న యూఎస్బీ సౌండ్ కార్డ్, లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, అది ఫ్రీ. సీడీ క్వాలిటీలో వేవ్ ఫైల్ అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ పడ్తది, గంట క్యాసెట్ 600 ఎంబీ, తర్వాత ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మార్చుకుంటే సగానికి దగ్గర్లోకి వస్తది, శబ్దం ఏం పోదు. ఎంపీ3 మాత్రమే చేసి అసలు ఫైల్ తీసేయొద్దు. ఆన్‌లైన్‌లో పెట్టాలనిపిస్తే ఒక్క విషయం, మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన ఏడాది అయిపోయినప్పటి నుంచి 60 ఏళ్లు ఉంటది, పాట రాసినవాళ్ల హక్కు, ట్యూన్ కట్టినవాళ్ల హక్కు వేరే, అవి వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు. కంపెనీ క్యాసెట్ కనపడిందల్లా ఎక్కించేయొద్దు. ఇంటి రికార్డింగ్ అయితే ఆ ఇంటివాళ్లని అడగండి.

ఆ 43లో ఒకటి

చాచా దగ్గర కొన్న డబ్బాలో ఒక సి-90 ఉంది, పేరు లేదు, పై రెక్కలు రెండూ విరిగి ఉన్నయి. పెట్టి చూస్తే పద్య నాటకం. మైకు గీ పెట్టుడు, హార్మోనియం, జనం గోల, ఎవరో శ్రీకృష్ణుడు ఎత్తుకున్నడు, ఏం గొంతు అది, ఒక పద్యం చివర రాగం తీస్తూ నాలుగు నిమిషాలు, నేను గడియారం పెట్టి చూసినా, నాలుగు నిమిషాలు ఊపిరి ఎక్కడ పీల్చుకుంటుండో తెల్వదు, అయిపోగానే జనం విరగబడి వన్స్‌మోర్. ఇంతవరకు బాగానే ఉంది. అరగంట దాటాక శ్రీకృష్ణుడి గొంతు మెల్లమెల్లగా సన్నబడుడు మొదలైంది, హార్మోనియం కూడా పైకి పోతుంది, చివరి ఐదు నిమిషాలకి వచ్చేసరికి అందరూ చిలకలు మాట్లాడినట్టు అయిపోయింది.

నా మిషన్ పాడైందనుకొని ఇంకో క్యాసెట్ పెట్టి చూసినా, అది బాగానే పలికింది. రెండు రోజులు అర్థం కాలే. బస్సులో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర సిగ్నల్‌లో నిలబడి ఉన్నప్పుడు వెలిగింది. రికార్డు చేసినాయన సెల్లులు వేసి పెట్టుకున్నడు. సెల్లులు దిగిపోతుంటే మోటారు నెమ్మదైతది, టేపు మెల్లగా కదుల్తుంటే అందులో శబ్దం ఇరుక్కొని పడ్తది, దాన్ని ఇప్పుడు మనం మామూలు స్పీడులో వాయిస్తే గబగబా, కీచుగా వస్తది.

మరి ఎంత నెమ్మది చేయాలె? గొంతుని పట్టుకుంటే తెల్వదు, మనిషి గొంతు అటు ఇటు పోతది. హార్మోనియం పోదు, దాని పలకలు ఏ స్వరానికి బిగిస్తే అదే. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే మొదట్లో హార్మోనియం శ్రుతి మన హార్మోనియం వాళ్ల లెక్కలో అయిదున్నర వచ్చింది, చివర్లో ఏడు. మూడు అరమెట్లు, అంటే హార్మోనియం మీద నలుపూ తెలుపూ కలిపి మూడు మెట్లు పైకి పోయింది, అంటే చివరికి వచ్చేసరికి టేపు దాదాపు ఆరో వంతు నెమ్మదించింది. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ అని ఒకటి ఉంటది, ఒక గీత, దాన్ని ఎక్కడ కిందికి లాగితే అక్కడ స్పీడు తగ్గుతది. అయిదేసి నిమిషాలకి ఒకచోట ఆపడం, హార్మోనియం వినడం, యాప్ చూడడం, గీత లాగడం. రెండు ఆదివారాలు పట్టింది. అయిదున్నర శ్రుతి సరైనదేనా అని అనుమానం వచ్చి గానసభలో ఒక పెద్దాయనకి వినిపించినా, ఆయన కళ్లు మూసుకొని విని "నాటకపోళ్లు ఆ మాత్రం పైన పాడకపోతే వెనక వరసకి వినపడదు, సరిపోయింది ఉంచు" అన్నడు. కృష్ణుడు ఎవరో ఆయన కూడా చెప్పలేకపోయిండు.

మొత్తం సరిచేసి రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకొని చివరి భాగం విన్నా. కృష్ణుడి గొంతు మళ్లీ మగ గొంతు అయింది. ఆయన రాగం మధ్యలో, మైకుకి బాగా దగ్గరగా, అంతకుముందు చిలక కూతలాగ రెండు సెకన్లు వినపడిన ముక్క ఒకటి ఉండే, నేను అది ఏదో గీత అనుకొని కత్తిరించేద్దామనుకున్నా. ఇప్పుడు అది మాట అయింది. మెల్లగా, పక్కవాడి చెవిలో చెప్పినట్టు, ఒక ముసలాయన గొంతు, "ఒరేయ్, సెల్లులు అయిపోతున్నట్టున్నయ్, చూడు."

ఆ వెంటనే టక్ మని బటన్ చప్పుడు.